పదిహేడు మందికి ఒక్క మేనమామ

ఎడమచేతిలో సుద్దముక్క, కుడిచేతిలో హాజరుపట్టీ పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: కింద రాసిన ప్రతి మాటా నిజం, కల్పన ఇందులో నువ్వుగింజంత కూడా లేదు. సుద్దముక్క మీద ఒట్టేసి అబద్ధమాడిన లెక్చరరు మరుజన్మలో డస్టరై పుడతాడని మా కాలేజీలో ఒక నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని పుట్టించింది నేనే. కానీ ఇరవై రెండేళ్లు చెప్పీ చెప్పీ ఇప్పుడు నాకే భయంగా ఉంది.

కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి. యాభై నాలుగేళ్లకే ఇంట్లో కూర్చున్నావేమని ఎవరైనా అడిగితే, నేను రిటైర్ కాలేదు, నా కాలేజీయే నాకంటే ముందు రిటైర్ అయిందని చెబుతాను. పిల్లలు తగ్గారు, సెక్షన్లు తగ్గాయి, చివరికి మా తరగతి గదిలో టైల్స్ దుకాణం పెట్టారు. నేను డిమాండ్ రేఖ గీసిన గోడ మీద ఇప్పుడు స్నానాల గది నమూనాలు అతికించి ఉన్నాయి. మొన్న వెళ్లి చూసి వచ్చాను. ఏం కావాలి సార్ అని దుకాణంలో అమ్మాయి అడిగితే ఏం చెప్పాలో తోచక, తెల్ల టైల్స్ ధర అడిగి వచ్చాను.

మీరు చిన్నవాళ్లు. పాఠం ఏ దేశంలో ఉన్నా బొటనవేలితో లాక్కుంటారు, నచ్చకపోతే అదే వేలితో తోసేస్తారు. అందులో తప్పేం లేదు. అది అలా మీ వేలికొసకు రాకముందు మా దిక్కు ఎట్లా వచ్చిందో, వచ్చి నా చేత ఏం చేయించిందో చెప్పాలని ఉంది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. సకల జనుల సమ్మెకు నెల రోజుల ముందు కాలేజీ పని మీద జగిత్యాల వెళ్లి, అక్కడ ఒక నెట్ సెంటర్లో కూర్చోవలసి వచ్చింది. పక్క కుర్చీలో ఒక ఇంజనీరింగ్ అమ్మాయి చెంపకు చెయ్యి ఆనించుకుని ఏదో పాఠం వింటోంది. తెర మీద ఎక్కడో దూరదేశపు ప్రొఫెసర్, వెనక మూడు గోడలంత బోర్డు. ఇందులో అర్థశాస్త్రం కూడా ఉంటుందా అని అడిగాను.

"ఏదన్న ఉంటది అంకుల్. కొట్టి సూడుండ్రి."

కొట్టి చూశాను. ఆ రోజుల్లో జగిత్యాల నెట్ వేగం ఎంతంటే, ప్రొఫెసర్ పదింటికి నోరు తెరిచి 'డి' అన్నాడు. నేను బయటికి వెళ్లి చాయ తాగి, కటింగ్ చేయించుకుని, గడ్డం కూడా గీయించుకుని వచ్చేసరికి 'మాండ్' అన్నాడు. అయినా సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు. నాకు కుళ్లు పుట్టింది. ఆయన పాఠంలో ఎవరూ దగ్గరు. కరెంటు పోదు. వెనక బెంచీ ఉండదు. వినేవాడికి అర్థం కాకపోతే ఆయన్నే మళ్లీ వెనక్కి తీసుకెళ్లి నిలబెడతాడు. నా క్లాసులో నన్ను వెనక్కి తీసుకెళ్లినవాడు ప్రిన్సిపాల్ ఒక్కడే.

ఆ రోజు ఆయన చెప్పింది క్షీణోపాంత ప్రయోజన సూత్రం. పేరు కష్టంగానీ సంగతి సులువు. ఏ వస్తువైనా ఒకదాని మీద ఒకటి తింటూ పోతే, వాడుతూ పోతే, దాని మీద మోజు తగ్గుతుంది. ఆయన ఆపిల్ పండ్లతో చెప్పాడు. మా దిక్కు అప్పట్లో ఆపిల్ జ్వరమొచ్చినవాళ్లకే తెచ్చేవారు. ఒకటి తింటే నీరసం, మూడోది తింటున్నాడంటే టైఫాయిడ్. ఈ ఉదాహరణతో మా పిల్లలకు మోజెక్కడ తగ్గుతుంది, ప్రాణం తగ్గుతుంది. ఆయనకు అన్నీ ఉన్నాయిగానీ మా పక్కనున్న రాయికల్ వారపు అంగడి లేదని నాకు ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత సమ్మె మొదలైంది. బస్సులు డిపోలో, లెక్చరర్లు టెంటులో. చౌరస్తాలో మా టెంటు. రోడ్డు మీదే వంటావార్పు. మా ఫిజిక్స్ సార్‌కు పప్పు ఉడకడానికి పట్టే సమయం లెక్క కట్టడం వచ్చుగానీ ఉడికించడం రాదని అక్కడే తెలిసింది. కాలేజీకి తాళం. రెగ్యులర్ పిల్లలు మాతోపాటే నినాదాలిస్తూ ఉన్నారు. వాళ్ల గురించి దిగులు లేదు. దిగులుపడ్డవాళ్లు వేరే ఉన్నారు. ఎప్పుడో డిగ్రీ చదివి, ఒకే ఒక్క పేపరు తప్పి, పెళ్లిళ్లయి పనుల్లో పడి, ఏటేటా ఆ ఒక్క పేపరు రాసేవాళ్లు. ఆ పేపరు తొంభై పాళ్లు మొదటి సంవత్సరం అర్థశాస్త్రమే. అది నేను గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి కాదు.

అట్లాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు టెంటు దగ్గరికి వచ్చి, నాలుగు ముక్కలు చెప్పమని బతిమాలారు. మా టెంటు పెద్ద, తెలుగు సార్, ఒప్పుకోలేదు.

"సమ్మె అంటే సమ్మెనే. టెంట్ల కూసోని పాఠం చెప్తవా? రేపు నువ్వు చెప్పంగ ఎవలన్న ఫొటో తీస్తే మనం మొకం ఏడ వెట్టుకోవాలె?"

ఆయన మాటలో న్యాయం ఉంది. నేను తలూపాను. నేను తలూపానంటే పనేదో పెట్టుకున్నానని మా ఆవిడకైతే తెలిసేది.

టెంటుకు ఎదురుగా ఒక భాయ్ దుకాణం ఉండేది. సెల్‌ఫోన్ రిపేరు, దానితోపాటు మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించడం. మీలో చాలామందికి ఈ వ్యాపారం తెలియదు. నెట్ అందరికీ లేని కాలంలో గోరంత కార్డు తెచ్చి ఇస్తే, ఉద్యమం పాటలు, పెళ్లి పాటలు, దేవుడి పాటలు నింపి ఇచ్చేవాళ్లు. మా ఊరికి ఇంటర్నెట్ మొదట తీగలో రాలేదు, ఆ భాయ్ చేతి గోళ్ల మధ్యలో వచ్చింది. బందు కాబట్టి షట్టరు సగం దించి లోపల కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం నేను వంగి లోపలికి దూరి, నా కష్టం చెప్పుకున్నాను.

"గింతదానికి పరేషానెందుకు సార్? ఇంట్ల కూసోని ఫోన్ల మాట్లాడి రికార్డు చెయ్యుండ్రి. మిగిలింది నాకిడిసిపెట్టుండ్రి. పాటలడుగ అచ్చినోళ్లకు ఎనకంగ మీ పాఠం ఎక్కిస్త."

"పేరు బయటికి రావద్దు భాయ్."

"నేను పాటలు పాడినోళ్ల పేరే చెప్ప, మీ పేరేం చెప్త?"

మా ఇంట్లో బియ్యం బస్తాలుంచే గది ఉంది. అక్కడ గొంతు మోగదు. బస్తా మీద కూర్చుని, మధ్యాహ్నాల్లో పదకొండు పాఠాలు చెప్పాను. గొంతు మార్చి చెబుదామని చూశాను. మూడు నిమిషాలకే అది తన ఇంటికి తాను వచ్చేసింది. ఇక దాన్ని బెదిరించలేదు. ఎదురుగా పిల్లలు లేకపోయినా క్లాసులో అలవాటు పోక, ప్రతి మెలిక దగ్గరా "ఏమంటరు?" అని అడిగి రెండు మూడు క్షణాలు ఆగేవాణ్ణి. బియ్యం బస్తాలు ఏమీ అనేవి కావు.

నాలుగో పాఠంలో ఆపిల్ పండును పక్కకు నెట్టి, రాయికల్ అంగడికి వెళ్లాను. నేను చెప్పింది ఇదీ (మిర్చీ అంటే మా దిక్కు మిరపకాయ బజ్జీ): 'రాయికల్ అంగట్ల మా మేనమామ పందెం కట్టి మిర్చీలు తిన్నడు. మొదటి మిర్చీకి కండ్లు మూసుకున్నడు. రెండోదానికి తలూపిండు. మూడోదానికి నీళ్లడిగిండు. ఐదోది తింటుంటె ఎవలో పిలిచినట్టు ఎనకకు సూసిండు. ఆరోదానికి తిన్నా ఒకటే, తినకున్నా ఒకటే. ఏడోది చేతిల పట్టుకొని ఏడ్చిండు. ఎనిమిదోదానికి మిర్చీలాయనకే దండం పెట్టిండు.' ఆరు దగ్గర ప్రయోజనం సున్నా, ఏడు నుంచి రుణాత్మకం. పట్టిక కూడా నోటితోనే వేశాను.

నాకు మేనమామ లేడు. మా అమ్మ ఒక్కతే సంతానం. ఆ సంగతి గుర్తుంచుకోండి, ముందు దానితో పని పడుతుంది.

పాఠాలు ఎటు పోతున్నాయో వారం దాకా తెలియలేదు. తర్వాత భాయ్ చెప్పాడు. వాళ్ల వాడకట్టులో ఒక అరుగు మీద ఏడుగురు ఆడవాళ్లు కూర్చుని బీడీలు చుడతారు. ఆకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, దారం చుట్టాలి, కళ్లూ చేతులూ ఖాళీ ఉండవు. చెవులు మాత్రం పొద్దంతా ఊరికే ఉంటాయి. వాళ్లలో మల్లాపూర్ నుంచి కోరుట్లకు కోడలై వచ్చిన ఒక ముప్పై ఏళ్లామెకు ఆ ఒక్క పేపరు మిగిలి ఉంది. ఫోనును స్టీలు చెంబులో వేసి మధ్యలో పెడుతుందట. చెంబులోంచి నేను మాట్లాడుతుంటే ఏడుగురూ వింటారు.

"పరీక్ష ఒక్కదానికే సార్," అన్నాడు భాయ్. "సదివేది ఏడుగురు. మీరు ఏమంటరు అని ఆగుతరు గదా, గప్పుడు అందరొక్కసారే జవాబు చెప్తరు. మా అమ్మీ గూడ అండ్లనే కూసుంటది. నిన్న ఓ ముసలామె ఏమన్నదో ఎరుకేనా? 'గా సారు మేనమామకు పెండ్లాం లేదాయే? ఉంటె ఎనిమిది దాక తిననిస్తదా?' అన్నదట."

నేను నవ్వాను. ఇంటికి వచ్చాక నవ్వు ఆగిపోయింది. అన్నేళ్ల ఉద్యోగంలో నా ప్రశ్నకు ఏడుగురు ఒక్కసారి జవాబు చెప్పింది ఎప్పుడూ లేదు. ఇప్పుడు చెబుతున్నారు, అది నాకు వినపడదు. ఆ తర్వాతి పాఠాల్లో నేను ఆగిన చోట కొంచెం ఎక్కువసేపే ఆగాను.

ఒక కార్డు సిరిసిల్ల దాకా పోయింది. అక్కడ మరమగ్గాలను సాంచలంటారు. ఆ సాంచలు నడిపే ఒకాయన భాయ్ దగ్గర పేరు లేకుండా నంబరు మాత్రం పట్టుకుని నాకు ఫోన్ చేశాడు. ఆయనకూ ఆ పేపరే బాకీ.

"సార్, సాంచలు నడుత్తుంటె దేవుడు పిలిచినా ఇనవడది. కరెంటు పోయినప్పుడే మిమ్ముల ఇంటున్న. బొగ్గు బాయిలోళ్లు సమ్మె జెయ్యవట్టి కరెంటు మస్తు పోతున్నది. నాకు కూలి పోతున్నదిగానీ సిలబస్ అయితున్నది."

"ఎంత దాకా వచ్చినవు?"

"మీ మేనమామ ఐదో మిర్చీ కాడ ఉన్నడు సార్. గంతల్నే కరెంటచ్చింది."

సమ్మె ముగిసింది. బస్సులు కదిలాయి, కాలేజీ తెరిచారు, వేసవిలో పరీక్షలు జరిగాయి. మొదటి సంవత్సరం అర్థశాస్త్రం పేపర్లో క్షీణోపాంత ప్రయోజన సూత్రాన్ని ఉదాహరణతో వివరించమని వచ్చింది. ఆ సాయంత్రం భాయ్, నేను చెరి రెండు చాయలు తాగాం.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. మా దిక్కు సార్ చెప్పింది చెప్పినట్టు రాయడం ఒక మర్యాద. సార్ నోట్సులో వేలు పెట్టి మార్చడమంటే వడ్డించిన విస్తట్లో ఉప్పు వేసుకోవడం. ఆ మర్యాదను పెంచి పోషించినవాణ్ణి నేనే. 'నా నోట్సుల కామా గూడ మార్చకుండ్రి, మార్కులు నేను చూసుకుంట' అని ఏటా మొదటి క్లాసులోనే చెప్పేవాణ్ణి. అలవాటు కొద్దీ కార్డులో మొదటి పాఠంలోనూ చెప్పాను. వాళ్లు మార్చలేదు. కోరుట్ల కేంద్రంలో తొమ్మిది మంది, జగిత్యాలలో ఐదుగురు, సిరిసిల్లలో ముగ్గురు, మొత్తం పదిహేడు మంది 'రాయికల్ అంగట్ల మా మేనమామ' అనే రాశారు. మొదటి మిర్చీకి పదిహేడు మంది మేనమామలూ కళ్లు మూసుకున్నారు. ఎనిమిదోదానికి పదిహేడు మందీ దండం పెట్టారు. ఒక పేపర్లో అయితే, నేను పాఠం మధ్యలో దగ్గిన చోట 'దగ్గు' అని కూడా రాసి ఉందట.

పేపర్లు దిద్దేవాళ్లు ఏమనుకుంటారు? మూడు ఊళ్లలో, ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు ఒకే జవాబు రాశారంటే ప్రశ్న ముందే బయటికి వచ్చిందనే కదా. పదిహేడు మంది ఫలితాలు ఆపేశారు. జగిత్యాలలో ఒక కాలేజీలో విచారణ పెట్టారు. తప్పు తేలితే రెండేళ్లు పరీక్ష రాయనీయరన్నారు.

మా ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఏమయ్యా, రాయికల్ల నీకు మేనమామ ఉన్నడా?"

"లేడు సార్."

"ఉంటే మంచిగుండు. సూడు, అది నీ మాటేనని నాకు తెల్వదనుకోకు. నువ్వు పోయి నేనే చెప్పిన అంటవనుకో. ముందుగాల సమ్మెల పాఠాలు చెప్పినవని మనోళ్లే నీ మీద ఉమ్ముతరు. ఎనక కాలేజీ మీదికి అత్తది, గుర్తింపు పోతది. పోతే నీ నౌకరి ఒక్కటే పోదు, ఇరవై మందియి పోతయి. నువ్వు గా కార్డు మొకం సూడలే. సమజైందా?"

సమజైంది. భాయ్ దుకాణానికి వెళ్లాను. అతను ఎప్పటిలా కుర్చీ తుడవలేదు.

"గా మల్లాపూర్ ఆమె బీఎడ్ పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకున్నది సార్. వచ్చే వారమే సీట్ల కౌన్సెలింగ్. డిగ్రీ మెమో లేకుంటే సీటు లేదు. అత్తగారింట్ల ఇదే ఆఖరుసారి అన్నరట, ఇగ బీడీలే అన్నరట. అరుగు మీద చెంబు ఖాళీగ ఉన్నది. మిమ్ముల ఎవలు పెడతలేరు."

విచారణ రోజు నేను జగిత్యాల వెళ్లాను. వరండాలో బెంచీల మీద పదహారు మంది ఉన్నారు. టెంటు దగ్గరికి వచ్చినవాళ్లెవరూ అందులో లేరు. వాళ్లకు నా ముఖం తెలియదు, వాళ్ల ముఖాలు నాకు తెలియవు. ఎండకు తలుపు తెరిచే ఉంచారు. లోపల ముగ్గురు అధికారులు, మధ్యలో ఉన్నాయన అర్థశాస్త్రం ప్రొఫెసరేనట, పెద్దాయన. ముందు పదిహేడు జవాబు పుస్తకాలు. సిరిసిల్ల సాంచలాయన అప్పుడే బయటికి వచ్చాడు. కరెంటు పోయినప్పుడు విన్నానంటే లోపల ఎవరూ నమ్మలేదట. తర్వాత ఆమెను పిలిచారు. మడమలు కనిపించేలా పైకి కట్టిన నీలం చీర, చేతిలో గుడ్డ సంచి. వేళ్ల కొసలు తంబాకుతో పచ్చబారి ఉన్నాయి.

"అమ్మా, రాయికల్‌లో మీ మేనమామ ఏం చేస్తుంటాడు?"

"నాకు మేనమామలు లేరు సార్."

"మరి ఇది ఎవరి మేనమామ?"

"సారు మేనమామ."

"ఏ సారు?"

ఆమె సంచిలోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టి, మీట నొక్కింది. నా గొంతు. బియ్యం గదిలోంచి నేను రాయికల్ అంగడికి బయల్దేరాను. ముగ్గురు అధికారులూ ముందుకు వంగారు. మిర్చీలు ఒకటి, రెండు, మూడు. పెద్దాయన మొదటి పుస్తకం తెరిచి, నా మాటల వెంట వేలు జరుపుతూ పోయాడు. నాలుగో పుస్తకం తెరిచాక కళ్లద్దాలు తీసేశాడు.

"ఎవరీయన?" అన్నాడు.

అప్పుడు నేను లేచాను. గడప దాటి లోపలికి వెళ్లాను. ఫోనులో నేను 'ఏడోది చేతిల పట్టుకొని' అంటుండగా, తలుపు దగ్గర నిలబడి "ఏడ్చిండు" అని పూర్తి చేశాను. ఆమె గిరుక్కున తిరిగి నన్ను చూసింది. ముఖం ఎన్నడూ చూడనిది, గొంతును బట్టి నన్ను పట్టేసింది.

"ఆ మేనమామ నావాడు సార్," అన్నాను పెద్దాయనతో. "నావాడంటే, నేను పుట్టించినవాడు. వీళ్లు కాపీ కొట్టలేదు. నేను చెప్పింది నమ్మారు. కామా కూడా మార్చొద్దని నేర్పింది నేను."

పెద్దాయన నన్ను ఒకసారి చూసి, ఆమె వైపు తిరిగాడు. "సరే. ఈయన మాటలు ఈయనవి. నువ్వు చెప్పమ్మా, నీకేం అర్థమైంది? మేనమామను ముట్టుకోకుండా చెప్పు."

ఆమె తొందరపడలేదు. "కార్డుల పాటలుంటయి సార్. కొత్త పాట మొదటిసారి పెడితే బీడీ చుట్టే చెయ్యి ఆగుతది. రెండోసారి చెయ్యి ఆగది. పదోసారికి తీసెయ్యే అంటరు. గంతే గా సూత్రం." బల్ల మీది ఫోను చేతిలోకి తీసుకుంది. "కానీ సార్, నాకొకటి సమజ్ కాలే. గీ పాఠం నేను యాభైసార్లు ఇన్న. ఇన్నకొద్ది తగ్గాలె గదా. తగ్గలే. ఇన్నకొద్ది ఎక్కువైంది. గట్లయితే సూత్రం తప్పా, నేను తప్పా?"

పెద్దాయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. ఆ ప్రశ్న కోసం నేను అన్నేళ్లూ బోర్డు ముందు నిలబడ్డాను.

"నువ్వు తప్పు కాదు," అన్నాను. "సూత్రమూ తప్పు కాదు. దానికి మినహాయింపులు ఉంటాయి. చదువు అందులో ఒకటి."

వారంలోపు పదిహేడు మంది ఫలితాలూ వదిలారు. పదిహేడు మందీ పాసయ్యారు. ఆమెకు బీఎడ్ సీటు వచ్చింది. ఇప్పుడు వెల్గటూర్ వైపు ఒక బడిలో సాంఘిక శాస్త్రం చెబుతోందని విన్నాను.

ఆ తర్వాత నెట్ అందరి చేతుల్లోకీ వచ్చింది. భాయ్ తన దుకాణంలో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. నా పదకొండు పాఠాలను ఎవరో ఇంటర్నెట్‌లోకి ఎక్కించారు. వెనక ఎవరిదో ఉద్యమం పాట కలిపారు, నా ముఖం తెలియక సూర్యోదయం బొమ్మ పెట్టారు. మా అన్న కూతురు ఎంకాం చదువుతోంది. తన ఫోనులో ఒకరోజు నా పాఠం పెట్టి వినిపించింది. రెండింతల వేగంతో వింటుందట, అందరూ అట్లానే వింటారట. 'ఏమంటరు' తర్వాత నేను ఆగిన చోటు ఆ వేగంలో రెప్పపాటు కూడా లేదు. నేను ఏదో అడిగి, సమాధానం అక్కర్లేనివాడిలా పరుగెత్తుకుంటూ పోతున్నాను.

"ఎందుకే అంత తొందర?" అన్నాను.

"గా నడుమ ఏం లేదు గద చిన్నబాపు, ఉత్తగనే ఆగుతున్నవు," అంది.

ఆమె తప్పేం లేదు. దూరదేశపు ప్రొఫెసర్‌ను ఇప్పుడు తడబాటు లేకుండా వింటోంది, నాకు తెలియని లెక్కలు చేస్తోంది, నేను ఊహించని ఉద్యోగాలకు రాస్తోంది. కోరుట్ల నుంచి ప్రపంచానికి దారి పడింది. నాకు మాత్రం ఆ అరుగు కావాలనిపిస్తుంది. ఒక్కసారి గోడ పక్కన నిలబడి, చెంబులోంచి నేను అడిగితే ఏడుగురు ఏమన్నారో వినాలని ఉంటుంది. అది ఎక్కడా ఎక్కించి లేదు, వెతికాను.

ఇక సుద్దముక్క మీద వేసిన ఒట్టు సంగతి. దగ్గు కొంచెం పెంచాను, నెట్ సెంటర్లో గడ్డం గీయించుకోలేదు, అవి మీరు ఎలాగూ పట్టుకుని ఉంటారు. కల్పించింది వేరే ఉంది.

నేను గడప దాటలేదు.

గదిలో జరిగిందంతా నేను రాసినట్టే జరిగింది, నన్ను తీసేస్తే. వరండా బెంచీ మీద, సాంచలాయన పక్కనే కూర్చుని విన్నాను. ఆయనతో ఎన్నోసార్లు ఫోనులో మాట్లాడినవాణ్ణి, నోరు తెరిస్తే పట్టేస్తాడని గొంతు కూడా సవరించుకోలేదు. 'ఎవరీయన' అని పెద్దాయన అడిగితే ఆమె చెప్పిన మాట ఇదీ: "పేరు తెల్వది సార్. మొకం సూడలే. మంచిగ చెప్తడు. ఆయన్ను ఏమనకుండ్రి." ఇరవై మంది ఉద్యోగాలని ప్రిన్సిపాల్ అన్నాడు గదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నాకు గుర్తొచ్చింది ఒక్క ఉద్యోగమే. తర్వాత ఆమె ఆ ప్రశ్న అడిగింది. జవాబు చెప్పింది పెద్దాయన. నేను రాసిన మాటలు ఆయనవి.

తిరుగు బస్సులో ఆమె నాకంటే ముందే ఎక్కి కూర్చుంది. బస్సు కిక్కిరిసి ఉంది. నేను నిలబడ్డాను. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. ఆమె రెండు సీట్ల దూరంలో ఉంది. ఒక్క మాటంటే తిరిగి చూస్తుంది. ముందుకు చేతితో చూపించాను. "కోరుట్లనా?" అన్నాడు. తలూపాను. "మాట రాదా?" అన్నాడు జాలిగా. దానికీ తలూపాను.

ఆమె విన్నది. ఎదుటి సీట్లో ఉన్నవాళ్లతో, "జర జరుగుండ్రి అన్నా, గాయనకు మాట రాదట," అంది. వాళ్లు జరిగారు. నేను కూర్చున్నాను. ఆమె నన్ను చూసి చిన్నగా నవ్వింది. ఏళ్లకేళ్లు మాట్లాడి బతికిన నేను, కోరుట్ల దాకా అలాగే కూర్చున్నాను.

కోరుట్లలో ఆమె దిగింది. నా ఇల్లూ అక్కడే. నేను దిగలేదు. బస్సు మెట్‌పల్లి వైపు కదిలాక కండక్టరును పిలిచి, మెట్‌పల్లికి ఒక టికెట్ ఇవ్వమని అడిగాను. అతను టికెట్ కొట్టడం మరిచిపోయి నా నోటి వైపే చూస్తూ ఉండిపోయాడు.